కనిపించని నీరు

పాఠ్యభాగ ఉద్దేశం: శ్రమజీవుల వృత్తివిద్యలో దాగి ఉన్న శాస్త్రదృష్టిని విద్యార్థులకు పరిచయం చేయడం, పాతబడిన చిన్న వేటపడవను బాగుచేయడంలో పాటించవలసిన క్రమాన్ని, దాని వెనుక ఉన్న కారణాలను వివరించడం.

ఆంధ్రుల చరిత్రలో సముద్రయానానికి విశిష్ట స్థానం ఉన్నది. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో పాలించిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మ కనిపిస్తుంది. భోజరాజు పేరుతో ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు ఓడల నిర్మాణానికి తగిన కలపను జాతులుగా విభజించి చెప్పింది. ఓడను కట్టడం ఎంత గొప్ప విద్యయో, కట్టిన ఓడను కాపాడుకోవడం అంతకు తీసిపోని విద్య. నాణేల మీదికి ఎక్కని ఈ రెండవ విద్యను ఇచ్ఛాపురం మొదలు తడ వరకు గల తీరంలో మత్స్యకారులు తరతరాలుగా నిలుపుకొంటూ వచ్చారు.

పూర్వం ఈ తీరంలో తెప్ప, మసూలా పడవ ముఖ్యమైన సాధనాలు. తేలికైన దుంగలను తాళ్ళతో జతకట్టినది తెప్ప. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టినది మసూలా పడవ. తెప్ప మీదికి ఎక్కిన అల దుంగల సందుల నుంచే దిగిపోయేది. అయితే దుంగలు క్రమంగా నీటిని పీల్చుకొని బరువెక్కేవి. అందువలన వేట ముగిసిన పిమ్మట తాళ్ళు విప్పి, దుంగలను ఇసుకపై ఆరబెట్టేవారు. వలను ఎండబెట్టినట్లే తెప్పను ఆరబెట్టడం కూడా వేటలో భాగం. మసూలా పడవ కుట్టు సడలితే విప్పి తిరిగి కుట్టేవారు. ఈ రెండింటిలోను లోపం కంటికి కనిపించేది, చేతికి అందేది.

కాలక్రమంలో కలప కొరత, ఖర్చు పెరిగాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమం, అలలను దాటి నేరుగా ఇసుక ఒడ్డుకు చేరగల ఫైబర్‌గ్లాస్ పడవల నమూనాలను రూపొందించింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం ఫైబర్ పడవల వాడకం తూర్పుతీరంలో మరింత విస్తరించింది. ఈ పదార్థం కుళ్ళదు. కలపను తొలిచే పురుగు దీనిని తొలవదు. కనుక దీనికి సంరక్షణ అక్కరలేదనే భావన సులభంగా కలుగుతుంది. ఆ భావనలోనే అపాయం పొంచి ఉన్నది. ఫైబర్ కుళ్ళకపోవచ్చు, కాని ఫైబర్ పొరల నడుమ ఉన్నవి చెడిపోతాయి.

చిన్న ఫైబర్ పడవలో పైకి కనిపించేది ఒక గట్టి పెంకు మాత్రమే. దాని లోపల, డెక్కు క్రింద, కూర్చునే బల్లల క్రింద మూసివేసిన అరలు ఉంటాయి. ఆ అరలలో ఫోమ్‌ను నింపుతారు. కొన్ని పడవలలో థర్మోకోల్ దిమ్మలను, మరికొన్నింటిలో పఫ్ అని వ్యవహరించే పాలీయూరితేన్ ఫోమ్‌ను వాడతారు. పడవ నీటితో నిండిపోయినా, తలక్రిందులైనా మునిగిపోకుండా మనుషులు పట్టుకొని తేలడానికి ఆధారం ఇదే. ఘనమీటరు మంచినీటి బరువు 1000 కిలోలు. అదే పరిమాణం గల పఫ్ బరువు సుమారు 30 నుంచి 40 కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఘనమీటరు ఫోమ్ నీటిలో 950 కిలోలకు పైగా బరువును నిలబెట్టగలదు. నిత్యం వేటకు పోయేటప్పుడు దీనితో పని ఉండదు. ఆపద వచ్చిన ఒక్క గడియలో దీనితో తప్ప మరి దేనితోను పని ఉండదు.

మరి నీరు లోపలికి ఎట్లా చేరుతుంది? డెక్కుకు కొక్కేలను, ఇంజను దిమ్మను, లంగరు కట్టే గూటాన్ని బిగించిన ప్రతి మర ఒక రంధ్రమే. ఇంజను అదురుకు, అలల తాకిడికి ఆ రంధ్రం నానాటికి సడలుతుంది. లంగరు పడిన చోట, పడవను ఇసుకపై ఈడ్చినప్పుడు రాపిడి పడిన చోట సన్నని బీటలు ఏర్పడతాయి. బీట ద్వారా దిగిన నీరు ఎండకు ఆరిపోదు. ఎందుకంటే అర మూసి ఉంటుంది. పఫ్‌లోని సూక్ష్మమైన గదులు మొదట నీటిని రానీయవు. ఏళ్ళ తరబడి అదురుకు, ఒత్తిడికి గురై ఆ గదుల గోడలు చిట్లినకొద్దీ ఫోమ్ నీటిని నిలుపుకొంటుంది. డెక్కు పొరల నడుమ ప్లైవుడ్ ఉన్నచో అది నాని, పొరలుగా విడిపోయి, కుళ్ళుతుంది.

ఉదాహరణకు ఒక పడవ అరలోని ఫోమ్ 150 లీటర్ల నీటిని పీల్చుకొన్నదని అనుకొందాం. దాని బరువు 150 కిలోలు. అనగా వల లాగని, తెడ్డు పట్టని ఇద్దరు మనుషులను ఆ పడవ ప్రతిదినం మోస్తున్నట్లే. డీజిల్ ఖర్చు పెరుగుతుంది. గట్టు నీటికి దగ్గరవుతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. పడవ నీట మునిగినప్పుడు ఆదుకోవలసిన శక్తి కూడా సరిగ్గా అంతే తగ్గిపోతుంది.

ఈ దోషాన్ని గుర్తించడానికి అనుభవజ్ఞులు కొన్ని పద్ధతులను పాటిస్తారు. చిన్న సుత్తితోనో, నాణెంతోనో డెక్కును అంగుళం అంగుళం తట్టి వింటారు. గట్టిగా ఉన్న చోట ఖంగుమనే ధ్వని, పొరలు విడిన చోట బొద్దుగా మూగధ్వని వినిపిస్తాయి. అడుగు వేసినప్పుడు డెక్కు మెత్తగా దిగితే లోపలి పలక చెడినట్లు గ్రహిస్తారు. ఖాళీ పడవ నీటిలో పూర్వంకంటె లోతుగా కూర్చున్నదా, ఒక ప్రక్కకు ఒరిగినదా అని పరిశీలిస్తారు. చివరకు అనుమానం కలిగిన చోట చిన్న రంధ్రం చేసి లోపలి ఫోమ్‌ను తీసి పిండి చూస్తారు. అది సందేహానికి తావులేని పరీక్ష.

దోషం తెలిసిన పిమ్మట పలువురు చేసే పని, బీటపై రెసిన్ పూసి, మ్యాట్ ముక్క అంటించడం. దీనివలన కొత్త నీరు రావడం కొంతకాలం ఆగవచ్చు. పాత నీరు మాత్రం బయటికి పోదు. గాయాన్ని శుభ్రం చేయక కట్టు కట్టినట్లు, దోషం లోపల బందీ అవుతుంది. కనుక నిజమైన మరమ్మతు మూయడంతో కాక తెరవడంతో ఆరంభమవుతుంది.

ముందుగా చెడిన చోటికి చుట్టూ గట్టి డెక్కు తగిలేవరకు పైపొరను కోసి, ముక్కను భద్రపరుస్తారు. తడిసిన ఫోమ్‌ను పొడి ఫోమ్ కనిపించేవరకు తవ్వి తీస్తారు. సగం తీసి ఆపడం తగదు. ఉప్పు తేమను ఆకర్షిస్తుంది గనుక అరను మంచినీటితో కడిగి, కొన్ని దినాలు ఆరనిస్తారు. తడి పోయినదీ లేనిదీ తెలియడానికి ఒక ప్లాస్టిక్ కాగితాన్ని అంచులు అంటించి రాత్రంతా ఉంచుతారు. ఉదయానికి దాని క్రింద నీటి బిందువులు ఏర్పడితే మరికొన్ని దినాలు ఆగవలసినదే. అర ఖాళీగా ఉన్న ఈ సమయంలోనే పడవ అడుగున బీటలు ఉన్నవేమో చూసి సరిచేస్తారు.

తరువాత కొత్త ఫోమ్‌ను నింపుతారు. రెండు ద్రవాలను కలిపి పోసే పఫ్ పొంగి అనేక రెట్లు పెరుగుతుంది. వేడి కూడా పుడుతుంది. ఒకేసారి ఎక్కువగా పోస్తే లోపల మాడిపోవచ్చు. డెక్కును పైకి తోయవచ్చు. అందుచేత కొద్దికొద్దిగా, గాలి పోవడానికి దారి ఉంచి పోయాలి. థర్మోకోల్ వాడేవారు మరొక విషయం మరవరాదు. పాలియెస్టర్ రెసిన్ గాని, పెట్రోలు గాని తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. పైన పూసిన రెసిన్ గట్టిపడేలోగా లోపలి ఆధారం మాయమైతే, ఆ పనికి అర్థం లేదు. అర అడుగుభాగంలో మరబిరడా గల చిన్న రంధ్రాన్ని ఏర్పరిస్తే, ఇక ముందు చేరిన నీటిని ఒడ్డున తీసివేయవచ్చు.

డెక్కుకు మెరైన్ ప్లైవుడ్‌ను అమర్చి, దాని అంచులకు కూడా రెసిన్ పట్టిస్తారు. పాత పొర అంచును నిటారుగా వదలక వాలుగా అరగదీస్తారు. పొర మందానికి 12 రెట్ల వెడల్పున వాలు ఉండడం మంచిది; 4 మిల్లీమీటర్ల పొరకు సుమారు 5 సెంటీమీటర్ల వాలు అన్నమాట. దానిపై మ్యాట్ పొరలను రెసిన్‌తో తడిపి, రోలర్‌తో గాలిబుడగలు లేకుండా ఒత్తుతారు. మరలు బిగించవలసిన చోట పెద్ద రంధ్రం చేసి, దానిని గట్టి రెసిన్‌తో నింపి, అందులో చిన్న రంధ్రం చేస్తారు. అప్పుడు మర సడలినా నీరు ప్లైవుడ్‌ను చేరలేదు.

ఈ పనిలో శరీరరక్షణ అత్యవసరం. ఫైబర్ ధూళి కళ్ళకు, ఊపిరితిత్తులకు హానికరం. పఫ్ ద్రవాల ఆవిరి శ్వాసకు మంచిది కాదు. రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్‌ను, కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. అవి భగ్గుమని పేలగలవు. ఒకదానిని ముందుగా రెసిన్‌లో పూర్తిగా కలిపిన పిమ్మటనే రెండవదానిని చేర్చాలి.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 దినాలు మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. రాబడి లేని ఆ వేసవి దినాలే పడవ ఆరడానికి అనువైన దినాలు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న కాలంలో పైపూతతో సరిపెట్టుకోవాలనే ఆలోచన సహజం. కాని రంగు పూసిన డెక్కు ఒడ్డున ఉన్నవారి కళ్ళను మెప్పిస్తుంది. సముద్రం రంగును చూడదు. అందుకే పని ముగిసిన తరువాత శాంతమైన లోతులేని నీటిలో పడవను నీటితో నింపి, అది సమంగా తేలుతున్నదో లేదో పరీక్షించడం శ్రేయస్కరం.

తెప్పను ఆరబెట్టిన పెద్దలకు నీరు శత్రువు కాదు. నిలిచిపోయిన నీరే శత్రువు. పదార్థం మారినా ఆ జ్ఞానానికి కాలదోషం పట్టలేదు. లాభనష్టాల లెక్కకు అందని మనుషుల ప్రాణాలు పడవ మీద ఉంటాయి. వాటికి పూచీపడేది డెక్కు క్రింద ఎవరికీ కనిపించని ఆ కొద్దిపాటి పొడి ఫోమ్ మాత్రమే.

అభ్యాసం

కఠిన పదాలకు అర్థాలు
గూటం = పాతిన లేదా బిగించిన కట్టుకొయ్య
అదురు = కంపనం
శ్రేయస్కరం = మేలు చేసేది
పూచీపడు = బాధ్యత వహించు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చిన్న ఫైబర్ పడవలో ఫోమ్ ప్రాధాన్యాన్ని, అది చెడిపోయే విధానాన్ని వివరించండి.
2. “నిజమైన మరమ్మతు మూయడంతో కాక తెరవడంతో ఆరంభమవుతుంది” అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. డెక్కులోని దోషాన్ని గుర్తించే పద్ధతులు ఏవి?
2. తెప్పకు, ఫైబర్ పడవకు సంరక్షణలో గల భేదాన్ని తెలపండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. థర్మోకోల్‌ను కరిగించే పదార్థాలు ఏవి?
2. అరను మంచినీటితో ఎందుకు కడగాలి?

వ్యాకరణాంశాలు
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
లాభనష్టాలు = లాభమూ, నష్టమూ – ద్వంద్వసమాసం
శరీరరక్షణ = శరీరం యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం