అమ్మకు పిక్కలు పట్టేస్తుంటే

మామిడి కాపు రోజుల్లో రెడ్డిగూడెం తోటల్లో పనిచేసి వచ్చిన అమ్మ, కాళ్ళు లాగేస్తున్నాయంటే మనం ఏమంటాం? "వయసు వచ్చింది కదమ్మా" అంటాం. ఆమె అమృతాంజనం రాసుకుని పడుకుంటుంది. చాలావరకు అవి కీళ్ళ నొప్పులే, నిజమే. కాని కొన్ని నొప్పులు కాలి ధమనులు పూడుకుపోయి రక్తం చాలక వస్తాయి.

కొంత దూరం నడిచేసరికి పిక్క పట్టేస్తుంది. ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో వదులుతుంది. నడిస్తే మళ్ళీ పడుతుంది. ఇదీ దాని గుర్తు. అయితే స్త్రీలలో చాలామందికి ఇంత స్పష్టంగా కనిపించదు. కాలు బరువెక్కడం, నీరసం, అంతే. పైగా నొప్పికి భయపడి నడకే తగ్గించుకుంటారు. నడవని కాలు నొప్పి చెప్పదు! అందుకే ఆడవారిలో ఇది ఆలస్యంగా బయటపడుతుంది. ముట్లుడిగినవారు, షుగరు, బి.పి. ఉన్నవారు, చుట్ట, బీడీ తాగేవారు మరింత జాగ్రత్తపడాలి.

పరీక్ష సులువే. చేతికి చూసినట్టే చీలమండ దగ్గరా బి.పి. చూసి, చీలమండ పై అంకెను చేతి పై అంకెతో భాగిస్తారు. చేతిలో 140, చీలమండలో 98 ఉంటే 0.7. ఫలితం 0.9 గాని, అంతకు తక్కువ గాని వస్తే జబ్బు ఉన్నట్టే. చాలా ఏళ్ళుగా షుగరున్నవారిలో ధమనులు గట్టిపడి ఈ అంకె ఎక్కువ చూపి మోసం చేయవచ్చు. వారికి కాలి బొటనవేలి దగ్గర చూడాలి.

వైద్యంలో మొదటిది పొగాకు పూర్తిగా మానడం. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, కొలెస్టరాల్‌కు స్టాటిన్ డాక్టరు రాస్తారు. నొప్పి తగ్గింది కదా అని వాటిని మీరే ఆపకండి. ఇక నడక కూడా మందే. పిక్క పట్టేదాకా నడవడం, ఆగడం, మళ్ళీ నడవడం. ఇలా అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం 3 రోజులు, 12 వారాలు చేస్తే చాలామంది మునుపటికంటే ఎక్కువ దూరం నడవగలుగుతారు. ఎవరైనా తోడు నడిస్తే మానరు.

పాదం మీద పుండు మానకపోయినా, పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెట్టినా నడిపించకండి. రక్తనాళాల సర్జన్‌కు చూపించండి. బెలూనుతో ధమనిని తెరవడమో, బైపాస్ చేయడమో అవసరం కావచ్చు. వేడి ఇటుకతో కాపడం అసలు వద్దు. స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు.

కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే తెల్లవారేదాకా ఆగకండి. గంటల్లోనే కాలు చచ్చుపడిపోవచ్చు. ఆ రాత్రే బండి కట్టించుకుని విజయవాడ పెద్దాసుపత్రికి బయలుదేరండి.