మైక్రోవేవ్ ఓవెన్ మొరాయిస్తే

మన అనంతపురం వైపు కూడా ఇప్పుడు చాలా ఇళ్ళలో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటున్నది. ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళినవారికి, బాలింతలకు వేళకు వేడి భోజనం పెట్టడానికి అది ఉపయోగమే. అయితే అది సరిగా పనిచేయకపోతే భోజనం అంచుల్లో పొగలు కక్కుతూ, నడుమ చల్లగా ఉంటుంది. నీరసించిన రోగికి అలాంటి భోజనం వల్ల విరేచనాలు పట్టుకోవచ్చు.

నడుమ చల్లగా ఉండడం నిజానికి ఓవెన్ తప్పు కాదు. దాని తరంగాలు ఆహారంలోకి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే పోతాయి. సంగటి ముద్దను ముద్దగానే పెడితే లోపలికి వేడి చేరదు. దాన్ని చిదిపి, ప్లేటులో పరచి, నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, మూత పెట్టండి. సగంలో తీసి కలిపి మళ్ళీ పెట్టండి. ఇంకొక మాట. మన ఎండల్లో పొద్దున వండిన అన్నం సాయంత్రం దాకా బయట ఉంటే అందులో సూక్ష్మక్రిములు విషం తయారుచేస్తాయి. ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. దాన్ని రోగికి పెట్టరాదు.

లైటు వెలిగి, ప్లేటు తిరుగుతున్నా వేడి రాకపోతే ముందు వోల్టేజి చూడండి. పొలాల్లో మోటార్లు నడిచే వేళ పల్లెల్లో కరెంటు తగ్గుతుంది. ఒక గ్లాసు నీళ్ళు ఉదయం రెండు నిమిషాలకు కాగి, సాయంత్రం నాలుగు నిమిషాలైనా కాగకపోతే లోపం కరెంటుదే. 800 వాట్లని రాసి ఉన్న ఓవెన్ దాదాపు 1200 వాట్లు లాగుతుంది. కనుక చిన్న ప్లగ్గుకు, మామూలు స్టెబిలైజరుకు తగిలించవద్దు. ఏ వేళలోనూ వేడి రాకపోతే మెకానిక్కును పిలవండి.

నిప్పురవ్వలు వస్తే వెంటనే ఆపండి. స్టీలు క్యారియరు, వెండి కాగితం, బంగారు గీత ఉన్న పింగాణీ ఇందుకు కారణం కావచ్చు. ఇవేవీ లేకపోతే, లోపలి గోడకు అట్టలా ఉండే రేకు మీద పడిన కూర మాడి ఉంటుంది. ప్లగ్గు తీసి, తడిగుడ్డతో తుడవండి. రేకుకు చిల్లు పడితే మార్పించండి. ప్లేటు తిరగకపోతే కింది చక్రాల రింగు పక్కకు జరిగిందేమో చూస్తే చాలు.

ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం తేలికగా తీసుకోవద్దు. అది ఎర్తు లోపం. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఎర్రనేల ఎండిపోతే ఎర్తు గుంట పనిచేయదు. వేసవిలో అప్పుడప్పుడు దానిలో ఒక బిందె నీళ్ళు పోయాలి. తాగే నీళ్ళు ట్యాంకరుతో తెచ్చుకునే ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళైనా చాలు. ప్లగ్గులో లావుపాటి పిన్నును కొందరు విరిచి వాడుతారు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

వెనుక మూత మీరు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో మనిషిని చంపగల కరెంటు నిలిచి ఉండవచ్చు. తలుపు వంగినా, సరిగా పడకపోయినా వాడకం ఆపండి. ఈ తరంగాల వల్ల క్యాన్సర్ వస్తుందా అని కొందరు భయపడతారు. తలుపు బాగుంటే ఆ భయం అక్కరలేదు. స్విచ్చి ఆగగానే తరంగాలు ఆగిపోతాయి, అన్నంలో ఏమీ మిగలదు.

పసిబిడ్డ పాలు మాత్రం ఓవెన్‌లో వేడి చేయవద్దు. సీసా గోరువెచ్చగా తగిలినా, లోపల పాలు అక్కడక్కడ నోరు కాలేంత వేడిగా ఉంటాయి. గిన్నెలో వేడినీళ్ళు పోసి సీసాను అందులో నిలబెట్టండి. మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసి, ఆ తరువాత బిడ్డకు పట్టండి.