కట్టాక ఎవరు చూస్తారు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అనే సామెత మా ఇంట్లో రెండు భాషల్లోనూ వినిపిస్తుంది. నాన్నవైపు వాళ్లు కన్నడంలో "మనె కట్టి నోడు, మదువె మాడి నోడు" అంటారు. రెండింటిలోనూ మాట కట్టడం దగ్గరే ఆగిపోతుంది. కట్టినదాన్ని కాపాడుకోవడం ఎంత కష్టమో చెప్పదు. ఆ పని కోసమే ఉన్న ఒక పెద్ద ఆఫీసు గురించి ఈసారి రాస్తున్నాను.

అమెరికా చట్టసభ పేరు కాంగ్రెస్. వాషింగ్టన్‌లో అది సమావేశమయ్యే భవనం క్యాపిటల్. రాజధానినీ, పెట్టుబడినీ కూడా మనం తెలుగులో ఇలాగే రాస్తాం గానీ, ఇంగ్లీషులో దీని స్పెల్లింగు వేరు. ఈ భవనాన్ని చూసుకునే అధికారి హోదా 'ఆర్కిటెక్ట్ ఆఫ్ ది క్యాపిటల్'. ఆయన ఆఫీసు పేరు కూడా అదే! సభ్యుల ఆఫీసు భవనాలు, సుప్రీంకోర్టు భవనం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భవనాలు, బొటానిక్ గార్డెన్, ఒక పవర్ ప్లాంటు, 570 ఎకరాలకు పైగా స్థలం, అన్నీ ఈ ఆఫీసు బాధ్యతే. తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు, తోటమాలులు, ఊడ్చి తుడిచేవాళ్లు కలిపి 2,000 మందికి పైగా పనిచేస్తారు.

మొదట్లో ఈ పేరు సరిగ్గానే సరిపోయింది. 1793 సెప్టెంబరు 18న జార్జ్ వాషింగ్టన్ శంకుస్థాపన చేశాడు. నమూనా గీసిన విలియం థార్న్‌టన్ చదువుకున్నది వైద్యం. 1814లో బ్రిటిష్ సైన్యం భవనాన్ని తగలబెడితే లట్రోబ్, ఆ తర్వాత బుల్‌ఫించ్ మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే పెద్ద గుమ్మటం థామస్ వాల్టర్ నమూనా. కట్టడం తగ్గి కాపాడడం పెరిగాక పేరు చిక్కు వచ్చింది. 1902లో బాధ్యత తీసుకున్న ఎలియట్ వుడ్స్ ఆర్కిటెక్ట్‌గా చదువుకున్నవాడు కాదు. అందుకని హోదాను సూపరింటెండెంట్ అని మార్చారు. 1921లో మళ్లీ పాత పేరే పెట్టారు.

ఆ గుమ్మటం చూడడానికి రాయిలా ఉంటుంది, కానీ పోత ఇనుము. నీళ్లు దిగితే తుప్పు పడుతుంది, పగులుతుంది. వెయ్యికి పైగా పగుళ్లు కనిపించాయి. పోత ఇనుమును మామూలుగా వెల్డింగ్ చేస్తే మళ్లీ పగిలే ప్రమాదం ఉంది. అందుకే పగులు పొడవునా మేకుల్లాంటి లోహపు ముక్కలు బిగించి, అడ్డంగా తాళాల్లాంటివి వేశారు. ఒకరకంగా ఇనుముకు కుట్లు వేశారన్నమాట. 2014 నుంచి 2016 దాకా ఈ పని జరిగింది.

2021 జనవరి 6న గుంపు లోపలికి చొరబడి అద్దాలు పగలగొట్టింది. ఆ రాత్రే సభలు మళ్లీ కూర్చున్నాయి. ఆ గాజుపెంకులు ఎత్తినవాళ్ల పేర్లు మనకెవరికైనా తెలుసా?

ఒక పేరు మాత్రం మిగిలింది. గుమ్మటం మీద 'ఫ్రీడమ్', అంటే స్వేచ్ఛ, అనే కంచు విగ్రహం ఉంది. దాన్ని పోతపోసిన కార్ఖానాలో ఫిలిప్ రీడ్ అనే బానిస పనిచేశాడు. ప్లాస్టర్ నమూనాను ముక్కలుగా విడదీసే ఉపాయం కనిపెట్టింది ఆయనేనంటారు. వారంలో ఆరు రోజుల కూలి యజమానికే పోయేది. ఆదివారాలు చేసిన పనికి మాత్రం రోజుకు 1.25 డాలర్లు ఆయనకు ఇచ్చారు. ఆ లెక్క కాగితం మీద ఉంది. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని బానిసలకు విముక్తి వచ్చింది. 1863 డిసెంబరు 2న విగ్రహం పైకి చేరేటప్పటికి ఆయన స్వేచ్ఛ పొందిన మనిషి. ఆ ప్లాస్టర్ నమూనా ఇప్పుడు సందర్శకుల కేంద్రంలో విముక్తి అని అర్థం వచ్చే ఎమాన్సిపేషన్ హాల్లో ఉంది. దాన్ని కాపాడుతున్నదీ ఈ ఆఫీసే.

ఇదంతా చదివాక నాకొక సందేహం మిగిలింది. ఆర్కిటెక్ట్‌ను మనం వాస్తుశిల్పి అంటాం. కానీ కుట్లు వేసి, తుడిచి, తోట పెంచే ఈ హోదాకు ఆ మాట అతకడం లేదు. 'నిర్వహణాధికారి' అంటే మరీ ఫైలు మాటలా ఉంది. 'భవన సంరక్షకుడు' అనుకున్నాను. ఇంతకన్నా మంచి తెలుగు మాట తోస్తే, అక్కచెల్లెళ్లూ, మేడమ్‌గార్లూ, ఈ కాగితం కింద ఖాళీ వదిలాను, రాయండి.