అమరావతి నుండి మోటుపల్లికి

సంక్రాంతి సెలవులలో మేము నలుగురు మిత్రులము అమరావతిలో మహాస్తూపపు శిథిలములను చూచి సముద్రతీరమునకు బయలుదేరితిమి. గుంటూరు దారి పొడవునను నల్లరేగడి చేలు. ప్రత్తి విచ్చియుండెను. కల్లములలో మిరపకాయలు ఎండబోసియుండెను. ఆ ఘాటునకు మాకు తుమ్ములు ఆగలేదు. అందులోనే దినమంతయు వంగి తాలుకాయలు ఏరుచున్న స్త్రీలు మమ్ము చూచి నవ్విరి.

బాపట్ల, చీరాల, చినగంజాము ఉప్పుమళ్లు దాటి మోటుపల్లి చేరితిమి. “రేవు ఏదిరా?” అని మాలో ఒకడు అడిగెను. కనబడినవి చేపల పడవలు, ఆరవేసిన వలలు, వీరభద్రాలయము. కాని ఆ యాలయ మండపస్తంభము కడ మేము చాలసేపు నిలిచితిమి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము అదియే. అంతకు పూర్వము, తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకులను రాజులు బలిమిని గైకొనెడివారు. వర్తకుడు ప్రాణములతో బయటపడినను సర్వస్వము కోల్పోయెడివాడు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని అభయమిచ్చెను. చందనము, కర్పూరము, దంతము, ముత్యములు, పట్టు, మిరియములు మున్నగువాని సుంకములును అందే చెక్కించెను. ఆ పట్టికలో మిరపకాయ లేదు! అది అమెరికాఖండము నుండి మన దేశమునకు వచ్చుటకు ఇంకను రెండువందల యేండ్లకు పైగా పట్టినది. ఆ శతాబ్దాంతమున వెనిసు యాత్రికుడు మార్కోపోలో వర్ణించిన ‘ముత్ఫిలి’ ఈ రేవే యని చరిత్రకారులు తలచుచున్నారు.

మేము తీరమునకు పోవుసరికి గాలి హెచ్చెను. ఒక పడవ అలలతో పెనగులాడుచు వచ్చుచుండెను. ఒడ్డుననున్నవారు పరుగెత్తి త్రాడు అందుకొనిరి. మేమును పట్టి లాగితిమి.