కలరా ఉండను తిను జీవులు

బీరువాలో బట్టల నడుమ నుంచిన కలరా ఉండ కొన్ని మాసములకు చిక్కిపోయి మాయమగుట తల్లులందరెరిగినదే. అది గాలిలో కలియుచున్నది. దానిని ఎవరును తినుట లేదు. కాని అదే పదార్థము, అనగా నాఫ్తలీను, తారుతోనో ముడినూనెతోనో నేలలో నింకినచో కొన్ని బాక్టీరియాలకు ఆహారమగును. పురుగులను పారద్రోలు వస్తువు వేరొక జీవికి అన్నమగుట యెట్లని మా విద్యార్థులు అడిగిరి. ఇట్టి విషయములను తెలుగులో బోధింప వీలగునా యని శంకించు తల్లిదండ్రులు కొందరు గలరు గనుక, మేము వారికి చెప్పిన సమాధానమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

1825లో మైకేల్ ఫారడే బెంజీనును వేరుచేసెను. అందలి ఆరు కర్బన పరమాణువులు వలయముగా నమరియున్నవని 1865లో కెకూలే అను జర్మను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. నాఫ్తలీనులో అట్టి వలయములు రెండు ఒక అంచున అతుకుకొని యుండును. వీనిని ఆరోమాటిక్ పదార్థములందురు. తొలుత దొరికిన కొన్నింటికి సువాసన యుండుటచే ఆ పేరు వచ్చినది; కలరా ఉండ వాసన నెరిగినవారికి నవ్వు వచ్చుట సహజము. ఇందలి ఎలక్ట్రానులు కొన్ని ఏ యొక్క బంధమునకో గాక వలయమంతటికిని చెందియుండును. కావున వలయము సులభముగా తెగదు.

సూడోమొనాస్ పుటిడా అను నేల బాక్టీరియా దీనికొక యుపాయము నెరుగును. దాని ఎంజైమొకటి గాలిలోని ప్రాణవాయువు అణువును పట్టి, అందలి రెండు పరమాణువులను వలయమున ప్రక్కప్రక్కనున్న రెండు మూలలకు తగిలించును. అంతటితో వలయపు పట్టు సడలును. ఎంజైములు ప్రాణవాయువును నేరుగా పదార్థములలో చేర్చగలవని 1955లో జపాను శాస్త్రజ్ఞుడు ఒసాము హయాయిషి నిరూపించెను. పిమ్మట వేరొక ఎంజైము ఆ వలయమును తెంచును. మెట్టు మెట్టుగా సాలిసిలిక్ ఆమ్లము ఏర్పడును; తలనొప్పికి మ్రింగు ఆస్పిరిను దీనినుండియే తయారగును. తుదకు రెండవ వలయమును తెగి, ఆ ముక్కలు మనము తిన్న అన్నము పోవు దారినే పోయి, బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మారి శక్తి నిచ్చును.

ఇన్ని ఎంజైములను చేయు విధము జన్యువులలో నున్నది. ఆ జన్యువులు బాక్టీరియా ప్రధాన జన్యుపదార్థమునందు గాక, ప్లాస్మిడ్ అను చిన్న తునకలో ఉండవచ్చునని 1973లో తెలిసెను. అవి రెండు వరుసలు: మొదటిది సాలిసిలిక్ ఆమ్లము వరకు, రెండవది అక్కడినుండి. మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది వీని పొదుపు. ఎంజైములు ఎప్పుడును స్వల్పముగా నుండును; నాఫ్తలీను దొరకగానే చిటికెడు ఆమ్లము ఏర్పడును; ఆ ఆమ్లము ఒక ప్రోటీనుతో గూడి రెండు వరుసలను మేల్కొల్పును. సరుకు ఇంటికి వచ్చినగాని పొయ్యి రాజేయని గృహిణి వంటిదన్నమాట. పైగా ప్లాస్మిడును నకలు తీసి పొరుగు బాక్టీరియాకు అందించుటయు గలదు. బెంగాలులో జన్మించిన ఆనందమోహన్ చక్రవర్తి అమెరికాలో ఇట్టి ప్లాస్మిడులను పెక్కింటిని ఒకే బాక్టీరియాలో చేర్చెను. దానికి పేటెంటు పొందవచ్చునని ఆ దేశపు సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పెను.

అయినను నేలలో పోసినదెల్ల నేలయే చూచుకొనునని తలపరాదు. గాలి చొరని బురదలో ఈ మార్గము సాగదు. అచ్చట వేరు జాతులు మిక్కిలి మెల్లగా పనిచేయును. నాలుగైదు వలయములు గలవి నీటిలో దాదాపు కరగక మట్టిని పట్టుకొని ఏండ్ల తరబడి నిలుచును. ఇంజినులో వాడి తీసిన నూనెలో ఇట్టివి ఉండును. దానిని బావి చెంత పారబోయుట మేము చూచియున్నాము.

బీరువాలోని ఉండను ఇవి ఏల తినవని ఒక బాలిక మరల అడిగెను. బాక్టీరియాకు తడి కావలెను. ఆరిన బట్టల నడుమ అది దొరకదు.