అమ్మమ్మ బొంత వేడిని పుట్టిస్తుందా?

ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు జంషెడ్‌పూర్‌కు వలస వెళ్లాయి. సముద్రతీరం నుంచి వెళ్లినవారికి అక్కడి చలి కొత్త. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు దిగుతుంది. పాత నూలు చీరలు పొరలుగా పరచి కుట్టిన బొంత అప్పుడు అక్కరకొస్తుంది.

నిజానికి బొంత వేడిని పుట్టించదు. వేడి మన ఒంటిదే. పొరల మధ్య చిక్కుకున్న గాలి కదలలేదు, పైగా గాలి చాలా బలహీనమైన ఉష్ణవాహకం. అందుకే ఒంటి వేడి నెమ్మదిగా బయటికి పోతుంది.

మనవలతో కలిసి దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒకేలాంటి మూడు స్టీలు గ్లాసుల్లో వేడినీళ్లు సమానంగా పోసి మూతలు పెట్టండి (పోయడం పెద్దల పని). ఒకదాన్ని అలాగే వదిలేయండి. రెండోదానికి పొడి చీరగుడ్డను నాలుగు మడతలు వదులుగా చుట్టండి. మూడోదానికి అంతే గుడ్డను తడిపి, పిండి చుట్టండి. అరగంట తర్వాత థర్మామీటరుతో చూడండి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు. పొడిగుడ్డ చుట్టిన గ్లాసే ఎక్కువ వెచ్చగా ఉంటుంది. తడిగుడ్డ చుట్టినది మాత్రం ఏమీ చుట్టని గ్లాసు కన్నా చల్లబడుతుంది. పిల్లలు ఆశ్చర్యపోయేది ఇక్కడే. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది, ఆవిరవుతూ మరికొంత లాగేస్తుంది. పక్క తడిసిన బొంతను వెంటనే మార్చాల్సింది ఇందుకే.

ఏడాది లోపు పాపాయి నిద్రపోయేటప్పుడు మాత్రం వదులుగా ఉండే బొంత కప్పకూడదు. అది ముఖం మీదికి జారితే ఊపిరాడదు. దానికి బదులు పలుచని బట్టలు రెండు పొరలుగా తొడిగితే, గాలి అక్కడా అదే పని చేస్తుంది.