సముద్ర విధాన నిర్ణయాలలో మత్స్యకారుల భాగస్వామ్యం: కొత్తకోట ప్రాంత జలాశయాలకు పాఠాలు

కొత్తకోట సముద్రానికి చాలా దూరం. అయినప్పటికీ రామన్‌పాడు, జూరాల జలాశయాలపైన, గ్రామాల చెరువులపైన ఆధారపడి జీవించే మత్స్యకార కుటుంబాలు ఈ పరిసరాలలో ఉన్నాయి. సమీపంలోని పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల కూడా ఉంది. ఉమ్మడి నీటివనరుపై నిర్ణయం ఎవరు చేయాలన్న ప్రశ్న కడలికైనా చెరువుకైనా ఒకటే. కనుక తీరప్రాంత అనుభవం ఇక్కడి విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు ఉపయోగపడుతుంది.

భాగస్వామ్యంలో మెట్లు

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ ప్రజా భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. సమాచారం తెలుపుట మూడవ మెట్టు, అభిప్రాయం అడుగుట నాల్గవది, కలిసి నిర్ణయించే భాగస్వామ్యం ఆరవది. సభ జరిపి సంతకాలు తీసుకున్నంత మాత్రాన భాగస్వామ్యం సిద్ధించదు. చెప్పిన మాట నిర్ణయాన్ని మార్చగలిగిందా అన్నదే దానికి గీటురాయి.

తీరప్రాంత అనుభవాలు

1. తీర నియంత్రణ ప్రకటన: 1991 నాటి తీర నియంత్రణ మండల ప్రకటన స్థానంలో 2008లో తీర నిర్వహణ మండల ముసాయిదా వెలువడింది. మత్స్యకార సంఘాలు దానిని తీవ్రంగా వ్యతిరేకించాయి. స్వామినాథన్ సంఘం సమీక్ష అనంతరం 2009లో ఆ ముసాయిదాను అమలు చేయకుండా విడిచిపెట్టారు. 2011 ప్రకటన జిల్లా స్థాయి సంఘాలలో మత్స్యకారులతో సహా సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలని నిర్దేశించింది.

2. వేట నిషేధం: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి మరబోట్లు, మోటారు పడవలపై అమలయ్యే నిషేధం 2015లో 47 రోజుల నుండి 61 రోజులకు పెరిగింది. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి చెందుటకు ఇది అవసరం. అయితే ఆ కాలంలో నష్టపోయేవారు పడవ యజమానులు మాత్రమే కారు. కూలికి వెళ్లే కళాసీ, గంపతో చేపలు అమ్మే స్త్రీ, మంచు కర్మాగారపు కార్మికుడు కూడా ఆదాయం కోల్పోతారు. పడవ ఎక్కేవారినే లెక్కించే పరిహార పద్ధతిలో మిగిలినవారు కనబడరు. చర్చలో వారికి స్థానం లేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

3. రింగువల వివాదం: 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగువల వాడేవారికి, సంప్రదాయ మత్స్యకారులకు మధ్య ఘర్షణ జరిగి పడవలు దగ్ధమయ్యాయి. కవళ్లు, కానాగంతల వంటి గుంపు చేపలను చుట్టివేసే ఈ వల తీరానికి చేరువగా వాడితే చిన్న పడవలకు చేపలు మిగలవని సంప్రదాయ మత్స్యకారుల వాదన. మత్స్యకారులందరూ ఒకే వర్గం కారని, ఒక్క ప్రతినిధి మాట అందరి మాట కాజాలదని ఈ వివాదం తెలుపుతున్నది.

మన జలాశయాలకు అన్వయం

చెరువుపై ఆయకట్టు రైతులకు, మత్స్య సహకార సంఘ సభ్యులకు, పశుపోషకులకు, రజకులకు హక్కులు, అవసరాలు ఉన్నాయి. వేసవిలో పంటకు నీరు వదిలితే చేపలకు నీరు తగ్గుతుంది. నీరు నిలిపితే పంట ఎండుతుంది. తూము తెరిచే రోజు, చేపపిల్లలు వదిలే సమయం, చేపలు పట్టే కాలం వేర్వేరు కార్యాలయాలలో విడివిడిగా నిర్ణయిస్తే తగవు తప్పదు.

విస్తరణ శాస్త్రవేత్తలు పాటించదగిన క్రమం:

• సభకు ముందే వనరుపై ఆధారపడిన వర్గాలన్నిటినీ, ముఖ్యంగా చేపలు అమ్మే స్త్రీలను, సంఘ సభ్యత్వం లేనివారిని గుర్తించాలి.
• వేటకు, పంటపనులకు, సంతకు అడ్డురాని వేళ సభ జరపాలి.
• నీటిమట్టం, చేపల దిగుబడి వివరాలను ముందుగా తెలుగులో అందించాలి.
• బలహీన వర్గాలతో విడిగా మాట్లాడిన పిమ్మట ఉమ్మడి చర్చ జరపాలి.
• ఏ సూచన స్వీకరించారో, దేనిని ఎందుకు త్రోసిపుచ్చారో గ్రామంలో తిరిగి వినిపించాలి.

చివరి అంశం తరచుగా విస్మరణకు గురవుతుంది. తమ మాట ఏమైనదో తెలియని వారు మరుసటి సభకు రారు, వచ్చినా మాట్లాడరు. నిర్ణయంలో పాలుపంచుకున్నవారే దాని అమలుకు కాపలాదారులౌతారు. కావున భాగస్వామ్యాన్ని పథకం చివరన జరిపే లాంఛనంగా కాక, ప్రారంభదశలోని శాస్త్రీయ కార్యంగా పరిగణించాలి.